మనం ఎవరి మనుషులం?

(రాయగడలో మజ్జిగౌరమ్మ చైత్ర పండుగ రోజుల్లో జరిగిన తెలుగు నూలు, బట్టల మిల్లు కార్మికుల సభలో మన యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)

పండక్కి సూరత్ నుంచి, తిరుప్పూరు నుంచి జీతం నష్టపోయి వచ్చినవాళ్ళు కూడా ఇక్కడ ఉన్నారు.

ఈమధ్య మేము ఏ పేటకు వెళ్ళినా ఒకే ప్రశ్న వినబడుతున్నది. "ఏటి బాబూ, మీ యూనియనోళ్ళు ఎవులి మనుషులు?" అని అడుగుతున్నారు. ఒక పేటలో ఆ ప్రశ్నకు అర్థం, కాంగ్రెసులో మీరు ఏ వర్గం అని. ఇంకో పేటలో, బిజూ జనతా దళ్‌లో ఏ నాయకుడి వైపు అని. వేరొక చోట, నిన్నటిదాకా వీళ్ళతో ఉండి ఇప్పుడు బి.జె.పి.లో చేరిన ఫలానా పెద్దమనిషి వెంట మీరూ వెళ్ళారా అని. ఇలా అడుగుతూ ఒకే ఫ్రేము మీద పక్కపక్కన నిలబడి పనిచేసే ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారు. ఒకరి దారం తెగితే ఇంకొకరు అతకడం మానేశారు. ఇది మిల్లు దాకా వచ్చింది కాబట్టే ఈరోజు దీని గురించి మాట్లాడదలచాము.

కొట్లాడుకుంటున్నది ఎవరు?

మన జిల్లాల్లో ఉదారవాదులమని, ప్రజాస్వామ్యవాదులమని చెప్పుకునే పెద్దమనుషులున్నారు. వకీళ్ళు, మాస్టర్లు, కాంట్రాక్టర్లు, పాత జమీందారీ కుటుంబాలవాళ్ళు. అందరూ రాజ్యాంగం పేరే చెబుతారు. అందరూ పేదల పేరే చెబుతారు. వాళ్ళలో మంచివాళ్ళు లేరని మేము అనము. కాని వాళ్ళ మధ్య పోట్లాట ఎప్పటిదో, దేనికోసమో తెలుసుకుంటే మనం ఎక్కడ నిలబడాలో తెలుస్తుంది.

1969లో కాంగ్రెసు రెండుగా చీలింది. ఆ కాలంలోనే బిజూ పట్నాయక్ కాంగ్రెసు నుంచి బయటకు వచ్చి ఉత్కళ్ కాంగ్రెసు పెట్టారు. తర్వాత లోక్ దళ్, జనతా పార్టీ, జనతా దళ్. ఆయన పోయాక 1997 డిసెంబరులో కొడుకు నాయకత్వాన బిజూ జనతా దళ్ ఏర్పడింది. ఆ పార్టీ 2000 నుంచి 2009 దాకా బి.జె.పి.తో కలిసి, ఆ తర్వాత విడిగా, మొత్తం 24 ఏళ్ళు ఒడిశాను పాలించి 2024లో ఓడింది. ఈ చరిత్రలో పేరు మారింది, గుర్తు మారింది, పొత్తు మారింది. మన మిల్లు గేటు ముందు మాత్రం బదిలీ కార్మికుడు బదిలీగానే నిలబడి ఉన్నాడు.

మన కోరాపుట్ పార్లమెంటు సీటు సంగతే చూడండి. గుణుపురం ప్రాంతపు మనిషి గిరిధర్ గమాంగ్ 1972 నుంచి ఇక్కడ మళ్ళీ మళ్ళీ గెలిచారు. 1999 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి ఎం.పి. పదవికి ఇంకా రాజీనామా ఇవ్వలేదు కనుక ఆ ఏప్రిల్ 17న ఢిల్లీ వెళ్ళి ఓటు వేశారు. 269కి 270, ఒక్క ఓటు తేడాతో వాజపేయి ప్రభుత్వం పడిపోయింది. 2015లో ఆయనే కాంగ్రెసు వదిలి, తాను ఏ పార్టీ ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటు వేశారో ఆ బి.జె.పి.లో చేరారు. 2023 జనవరిలో తెలంగాణ నుంచి వచ్చిన బి.ఆర్.ఎస్.లో చేరారు. 2024 జనవరిలో తిరిగి కాంగ్రెసుకు వచ్చారు.

ఇది ఆ పెద్దాయనను ఎగతాళి చేయడానికి చెప్పడం లేదు. పార్టీ మారే హక్కు ఎవరికైనా ఉంది. మేము అడిగేది ఆయన వెనక నడిచినవాళ్ళ సంగతి. "మేము ఫలానావారి మనుషులం" అని చెప్పుకున్న కూలివాడు ఈ తొమ్మిదేళ్ళలో మూడుసార్లు తానెవరో మార్చి చెప్పుకోవలసి వచ్చింది. అన్నిసార్లూ పక్కింటివాడితో తగాదా పడ్డాడు. నాయకుడు తిరిగి సొంత గూటికి చేరాడు. పక్కింటివాడితో పాడైన పొత్తు మాత్రం అలాగే ఉండిపోయింది. ఒక మనిషి పేరును మన రాజకీయంగా పెట్టుకుంటే జరిగేది ఇదే.

అఖిలపక్షం ఎప్పుడు ఏర్పడుతుంది?

మిత్రులారా, పొద్దున లేస్తే తిట్టుకునే ఈ పార్టీలు ఒకే మాట మీదికి వచ్చిన రోజులు కూడా ఉన్నాయి. వాటిని మరచిపోకూడదు.

మన రాయగడ జిల్లాలోనే కాశీపూర్ ఉంది. అక్కడి కొండల్లో బాక్సైటు ఉంది. 1990ల నుంచి అల్యూమినా ఫ్యాక్టరీకి వ్యతిరేకంగా ఆదివాసీలు, దళితులు పోరాడుతూ వచ్చారు. 2000 డిసెంబరు 15న బి.జె.డి., బి.జె.పి., కాంగ్రెసు నాయకులు కలిసి అఖిలపక్షంగా ప్రాజెక్టుకు అనుకూలంగా ఆ వైపు వెళ్ళారు. ఊళ్ళవాళ్ళు అడ్డుకున్నారు. మర్నాడు డిసెంబరు 16న మైకంచ్ గ్రామంలో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు ఆదివాసీలు చనిపోయారు.

ఎన్నికల్లో ఒకరినొకరు ఓడించుకునే మూడు పార్టీలు ఆ కొండ దగ్గర ఒకటయ్యాయి. కాబట్టి వాళ్ళ తగాదా పేదవాడి సమస్య మీద వచ్చిన తగాదా అని మనం నమ్మనక్కరలేదు. సీటు మీద తగాదా వేరు, సిద్ధాంతం మీద తగాదా వేరు. ఏది ఏదో తెలియాలంటే వాళ్ళు ఎక్కడ విడిపోతున్నారో చూస్తే చాలదు. ఎక్కడ కలుస్తున్నారో కూడా చూడాలి.

దీనికి ఎదురుగా నియమగిరి ఉంది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, ఆ కొండ మీద గని తవ్వడం వల్ల తమ దేవుడికి, తమ హక్కులకు భంగమో కాదో గ్రామసభలే తేల్చాలని చెప్పింది. ఆ జూలై, ఆగస్టు నెలల్లో రాయగడ, కలహండి జిల్లాల్లో 12 గ్రామసభలు జరిగాయి. జిల్లా జడ్జి సమక్షంలో డోంగ్రియా కోందులు, వాళ్ళతోపాటు ఆ ఊళ్ళలో ఉంటున్న ఇతరులు మాట్లాడారు. 12 కు 12 ఊళ్ళూ వద్దన్నాయి. ఆ ఊళ్ళలో కాంగ్రెసుకు ఓటేసేవాళ్ళు ఉండవచ్చు, బి.జె.డి.కి ఓటేసేవాళ్ళు ఉండవచ్చు. ఎవరూ వాళ్ళను మీరు ఎవరి మనుషులని అడిగే అవసరం రాలేదు. కొండ విషయంలో వాళ్ళ మాట ఏమిటో వాళ్ళే ముందుగా తేల్చుకుని ఉన్నారు. ఓటు ఎవరికి వేసినా ఆ మాట మారలేదు. మనకు కావలసింది అటువంటి స్పష్టత.

చీలిక యూనియన్‌లోకి వస్తే

పెద్దల కొట్లాట పెద్దల దగ్గర ఆగిపోతే మనకు ఇంత బాధ లేదు. అది యూనియన్‌లోకి వచ్చినప్పుడల్లా నష్టపోయింది కార్మికుడే. బట్టల మిల్లుల చరిత్రలోనే మూడు సందర్భాలు చెబుతాము.

మొదటిది 1929. బొంబాయిలో లక్షన్నర మంది నూలు మిల్లు కార్మికులు 1928లో ఆరు నెలలు సమ్మె చేశారు. మరుసటి ఏడాది రెండో సమ్మె విఫలమైంది. కార్మికుడు దెబ్బతిని ఉన్న ఆ సమయంలో, 1929 చివర నాగపూర్‌లో ఎ.ఐ.టి.యు.సి. మహాసభ జరిగింది. ప్రభుత్వం వేసిన విట్లీ కమిషన్‌ను బహిష్కరించాలా, అందులో మాట్లాడాలా అన్నదానిమీద, ఇంకా ఇతర తీర్మానాల మీద గొడవ వచ్చింది. ఉదారవాదులైన ఎన్.ఎం. జోషి, వారితో మన వి.వి. గిరి బయటకు నడిచి వేరే సమాఖ్య పెట్టారు. 1931లో మిగిలినది కూడా చీలింది. మళ్ళీ అందరూ ఒక్కటయ్యేసరికి 1940 వచ్చింది. ఈ మధ్యకాలంలోనే బొంబాయి మిల్లుల్లో జీతాలు కోసేశారు. దానిమీద 1934లో సమ్మె కూడా జరిగింది. యజమాని కోతకు కార్మికుడు ఏ సమాఖ్యలో ఉన్నాడన్న తేడా లేదు.

రెండోది అహమ్మదాబాదు. గాంధీగారి పేరుతో, అనసూయా సారాభాయి నాయకత్వాన 1920లో ఏర్పడిన మజూర్ మహాజన్ దేశంలో బాగా నిలదొక్కుకున్న బట్టల మిల్లు యూనియన్. 1969లో కాంగ్రెసు చీలితే ఆ చీలిక ఐ.ఎన్.టి.యు.సి.లోకి వచ్చింది. మజూర్ మహాజన్ 1972లో దాని నుంచి విడిపోయింది. తర్వాత 1980ల్లో అహమ్మదాబాదు మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి. వేలమంది వీధిన పడ్డారు. మిల్లులు మూతపడటానికి కారణాలు వేరే చాలా ఉన్నాయి. కాని ఆ కష్టం వచ్చేనాటికి దేశమంతా వెనక నిలబడే ఒకే బలం ఆ కార్మికులకు లేకపోయింది.

మూడోది 1982 బొంబాయి సమ్మె. జనవరి 18న సుమారు రెండున్నర లక్షల మంది పని ఆపారు. వాళ్ళలో తెలంగాణ నుంచి వెళ్ళిన మన పద్మశాలీ కుటుంబాలు కూడా ఉన్నాయి. దత్తా సామంత్‌ను నాయకుడిగా ఎన్నుకున్నది కార్మికులు. కాని 1946 నాటి బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టం ప్రకారం గుర్తింపు ఉన్నది ఐ.ఎన్.టి.యు.సి.కి చెందిన రాష్ట్రీయ మిల్ మజ్దూర్ సంఘానికి. యాజమాన్యం మేము వీళ్ళతోనే మాట్లాడతామన్నది. మా తరఫున ఎవరు మాట్లాడాలో మేము చెబుతామని రెండున్నర లక్షల మంది అంటే, చట్టం ఇంకొక పేరు చెప్పింది. ఆ సమ్మె ముగిసిందని ఎవరూ ప్రకటించనే లేదు. మిల్లులే ముగిసిపోయాయి. మనం ఎవరిమో మనం తేల్చుకుని, దాన్ని కాగితం మీద, లెక్కలో నిలబెట్టుకోకపోతే, ఇంకెవరో వచ్చి తేలుస్తారు.

తెలుగువాళ్ళమంటే చాలదా?

ఇక్కడ కొంతమంది మిత్రులు అంటున్నారు: "ఈ పార్టీల గొడవ మనకెందుకు, మనం తెలుగువాళ్ళం, తెలుగువాళ్ళంతా ఒక్కటైతే సరి." ఆ బాధ మాకు అర్థమవుతుంది. 1936 ఏప్రిల్ 1 దాకా ఈ కోరాపుట్ ప్రాంతమంతా మద్రాసు రాష్ట్రంలో, విశాఖపట్నం ఏజెన్సీలో భాగం. ఆరోజున ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. తాతలు కదలకుండానే సరిహద్దు కదిలింది. 1992 అక్టోబరులో రాయగడ వేరే జిల్లా అయింది. పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు, సంతలో కుయి కూడా కావాలి. ఎక్కడికి వెళ్ళినా మమ్మల్ని పైవాళ్ళే అంటున్నారని మీరు బాధపడుతున్నారు.

అయితే భాష మన గౌరవం. దాన్నే మన పార్టీగా చేసుకోలేము. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ సంగతి పెద్దలకు తెలుసు. ఒడిశా రాష్ట్రం కావాలన్నవాడు ఆయనే. ఏటా లక్ష రూపాయలిచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టినవాడూ ఆయనే. రెండు భాషల్లోనూ రాశారు. రెండింటిలో ఒకటి వదిలితేనే రెండోది నీదని ఆయనను ఎవరూ నిలదీయలేదు. మనల్ని మాత్రం ఎందుకు నిలదీయాలి?

ఇంకో సంగతి. 1969లో రాష్ట్రపతి ఎన్నికలో ప్రధానంగా నిలబడ్డ ఇద్దరూ తెలుగువాళ్ళే. కాంగ్రెసు అధికార అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఆయన మీద గెలిచినది బరంపురంలో పుట్టిన వి.వి. గిరి. ఆ ఎన్నికతోనే కాంగ్రెసు చీలింది. తెలుగువాళ్ళంతా ఒకవైపు ఉండాలంటే ఆరోజు ఏ తెలుగువాడి వైపు ఉండాలి? భాష ఒక్కటే దారి చూపించదని దీన్ని బట్టే తెలుస్తుంది.

చేదు మాట ఒకటి చెప్పకుండా ఉండలేము. ఈ కొండల్లో తెలుగువాడు అంటే ఆదివాసీకి మొదట గుర్తుకు వచ్చేది మిల్లు కూలివాడు కాదు. వడ్డీ వ్యాపారి, సంతలో తూకం వేసే షావుకారు. భూములు అన్యాక్రాంతం కాకుండా ఒడిశా ప్రభుత్వం 1956లోనే రెండో నంబరు రెగ్యులేషన్ తెచ్చింది. 2002లో దాన్ని ఇంకా గట్టి చేశారు. 2023 నవంబరులో ఆదివాసీ భూమిని ఇతరులకు అమ్ముకునే వీలు కల్పిస్తూ మంత్రివర్గం నిర్ణయం చేసి, గట్టిగా వ్యతిరేకత రాగానే ఆపుకున్నది. ఆ రోజుల్లో మన పేటల్లో కొందరు సంతోషించారు. "తెలుగువాళ్ళంతా ఒక్కటి" అన్న నినాదం కింద మనం ఎవరి పక్కన నిలబడుతున్నామో చూసుకోవాలి. షావుకారు మన భాష మాట్లాడతాడు. ఆదివాసీ మన పక్క ఫ్రేము మీద పనిచేస్తాడు.

2009లో నారాయణపట్నలో ఏమి జరిగిందో మీకు తెలుసు. చాసీ ములియా ఆదివాసీ సంఘం భూముల కోసం పోరాడింది. నవంబరు 20న పోలీసు స్టేషను దగ్గర కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే పేరు పెట్టుకున్న సంఘం బంధుగాం వైపు వేరే దారిన నడిచింది. ఆ గందరగోళంలో భూమి మింగినవాడితో పాటు, భూమి అన్నదే లేని ఆదివాసీయేతర కూలివాళ్ళు కూడా భయపడి ఊళ్ళు వదిలారు. "నువ్వు ఎవరివి" అని అడిగే రోజు వచ్చినప్పుడు, నేను కూలివాడినని అంతకుముందే పక్కవాడికి తెలిసి ఉండాలి. ఆ రోజు వచ్చాక చెబితే ఎవరూ వినరు.

సీట్ల విషయం కూడా మాట్లాడుకుందాం. కోరాపుట్ పార్లమెంటు సీటు, రాయగడ జిల్లాలోని మూడు అసెంబ్లీ సీట్లు ఆదివాసీలకు రిజర్వు అయినవి. మనకు ఓటే కాని సీటు లేదని కొందరు కార్మికులు నొచ్చుకుంటారు. 1957లో పక్కనున్న పార్వతీపురంలో జరిగినది వినండి. అది అప్పట్లో ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఒకటి రిజర్వు సీటు, ఒకటి జనరల్ సీటు. జనరల్ సీటుకు వి.వి. గిరి నిలబడ్డారు. ఓట్లు లెక్కపెడితే మొదటి రెండు స్థానాల్లోనూ ఆదివాసీ అభ్యర్థులే వచ్చారు. రిజర్వు సీటు పోను జనరల్ సీటు కూడా ఆదివాసీ అయిన సూరి దొరకు దక్కింది. గిరిగారు కోర్టుకు వెళ్ళారు. సుప్రీంకోర్టు 1959లో సూరి దొర ఎన్నిక చెల్లుతుందని చెప్పింది. ఒక మనిషి ఆదివాసీ కావచ్చు, అందరి ప్రతినిధీ కావచ్చు. అలాగే మనం తెలుగువాళ్ళం, ఒడిశా పౌరులం, కార్మికులం. ఈ మూడింటిలో ఒకదాన్ని ఎంచుకోమని అడిగేవాడు మన ఓటు కోసం వచ్చినవాడే.

51 లెక్క

ఇక అసలు విషయానికి వస్తాము. ఈ తగాదా ఇప్పుడు ఎందుకు అంత ప్రమాదం?

2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చాయి. అందులో పారిశ్రామిక సంబంధాల కోడ్ ఏమి చెబుతున్నదంటే, ఒక మిల్లులో ఒకటికన్నా ఎక్కువ యూనియన్లు ఉంటే, మస్టర్ రోలులో ఉన్నవాళ్ళలో 51 శాతం మంది ఎవరి వెనక ఉంటే ఆ యూనియనే యాజమాన్యంతో బేరం చేస్తుంది. ఎవరికీ 51 రాకపోతే కౌన్సిల్ వేస్తారు. అందులో ప్రతి 20 శాతానికి ఒక ప్రతినిధి. 20 కూడా లేనివాళ్ళకు కుర్చీ లేదు.

వెయ్యిమంది ఉన్న మిల్లు అనుకుందాం. ఒక వర్గం యూనియన్‌కు 300, ఇంకో వర్గానికి 280, మూడో వర్గానికి 250, నాలుగో వర్గానికి 170. ఎవరికీ 510 రాలేదు. కౌన్సిల్‌లో ముగ్గురు కూర్చుంటారు. మూడు నోళ్ళు, మూడు మాటలు. 170 మందికి నోరే లేదు. కాంట్రాక్టు కార్మికుల పేర్లు కాంట్రాక్టరు మస్టరులో ఉంటాయి కనుక వాళ్ళు మిల్లు లెక్కలోకే రారు. యజమాని ఒక్క మాట ఖర్చు పెట్టకుండానే బేరం గెలుస్తాడు. పైగా మూసివేతకు, తొలగింపుకు ముందుగా ప్రభుత్వ అనుమతి అడగవలసిన హద్దును 100 మంది నుంచి 300కు పెంచారు. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఇన్ని ముళ్ళ మధ్య, ఎవరో వకీలుగారికి ఇంకో కాంట్రాక్టరుగారికి టిక్కెట్టు తగాదా వచ్చిందని మన 51ని మనమే నాలుగు ముక్కలు చేసుకుందామా?

మనకు రాజకీయం వద్దా?

కొందరు యువకులు అడుగుతున్నారు: "అయితే యూనియన్ రాజకీయాలకు దూరంగా ఉండాలంటారా?" మేము అలా అనడం లేదు. బియ్యం ధర రాజకీయం, పి.ఎఫ్. రాజకీయం, కొండ మీద గని రాజకీయం. వీటికి దూరంగా ఉండి కార్మికుడు బతకలేడు. ఉదారవాదులు చేసిన మంచిని కూడా మేము కాదనము. ఎన్.ఎం. జోషి లాంటివారు శాసనసభల్లో కూర్చుని మాట్లాడితేనే కొన్ని కార్మిక చట్టాలు వచ్చాయి. వి.వి. గిరి 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినప్పుడు 1954లో ఆ పదవి వదులుకున్నారు. పదవిలో ఉండి పార్టీ మాట వినడమా, పదవి వదిలి తన మాట మీద ఉండడమా అన్నప్పుడు రెండోది చేశారు. 1929లో ఆయన నడిచి వెళ్ళినదాన్ని మనం విమర్శించవచ్చు. 1954లో చేసినదాన్ని గౌరవించాలి. ఒకే మనిషిని గుడ్డిగా మెచ్చుకోకుండా, గుడ్డిగా తిట్టకుండా పనిని బట్టి తూచడం మనం నేర్చుకోవాలి.

ఇంకో ప్రశ్న ఉంది. "వీళ్ళిద్దరూ కొట్లాడుకుంటే మూడోవాడు వచ్చి కూర్చుంటాడు, కాబట్టి ఇద్దరిలో కాస్త మంచివాడి వైపు ఇప్పుడే చేరాలి కదా?" ఇది తీసిపారేసే ప్రశ్న కాదు. ఓటు వేసే రోజున ఎవరు మేలో ఆలోచించి వేయండి. యూనియన్ దానికి అడ్డురాదు. కాని ఓటు ఒక రోజు పని. ఆ ఒక్క రోజు పనికి ఐదేళ్ళపాటు ఒకరి మనిషినని మెడలో పలక వేసుకోనక్కరలేదు. ఓటేసిన మర్నాడు అదే నాయకుడి గుమ్మం ముందు ధర్నాకు కూర్చోగలిగినవాడే స్వతంత్రుడు.

బట్ట నేసేవాళ్ళం కనుక మన భాషలో చెప్పుకుందాం. మగ్గం మీద పడుగు ముందే బిగించి ఉంటుంది. పేక తర్వాత వస్తుంది, రంగు మారుతుంది, అవసరాన్ని బట్టి మారుస్తాము. పార్టీ పేక లాంటిది. పడుగు మనది. పడుగు లేకుండా ఎన్ని రంగుల పేక తెచ్చినా గుడ్డ కాదు.

మనం రాసిపెట్టుకోవలసినవి

ఆ పడుగు ఏమిటో ఈ సభలోనే రాసుకుందామని మా ప్రతిపాదన. కార్యవర్గం చర్చించి అయిదు మాటలు మీ ముందు పెడుతున్నది. బాగోలేనివి మార్చండి, తక్కువైనవి కలపండి.

ఒకటి. యూనియన్‌లో పదవి ఉన్నవారు ఏ పార్టీలోనైనా పదవి తీసుకుంటే యూనియన్ పదవి వదలాలి. మామూలు సభ్యుడు ఏ పార్టీలో ఉన్నా అతని హక్కు తగ్గదు. గేటు మీటింగులో మాత్రం పార్టీ జెండా విప్పరాదు.

రెండు. ఏ ఎన్నిక వచ్చినా అన్ని పార్టీల అభ్యర్థులకూ ఒకే ప్రశ్నల కాగితం ఇవ్వాలి. కనీస వేతనం, బదిలీలను పర్మనెంటు చేయడం, కాంట్రాక్టు కార్మికుల పి.ఎఫ్., ఊరు వదిలి పోయిన పిల్లలకు రక్షణ, గ్రామసభల హక్కు. వాళ్ళు ఇచ్చిన జవాబును, ఇవ్వకపోతే ఇవ్వలేదన్న సంగతిని, అందరి ముందు చదవాలి.

మూడు. మన సభ్యులెవరూ బినామీగా ఆదివాసీ భూమి కొనరాదు, కొనేవాడికి సాక్షి సంతకం పెట్టరాదు. 1956 రెగ్యులేషన్‌ను సడలించే ఏ ప్రయత్నాన్నైనా యూనియన్ వ్యతిరేకిస్తుంది.

నాలుగు. సభలు తెలుగులో, ఒడియాలో, కుయిలో జరగాలి. తెలుగు యూనియన్ అన్న పేరు మనకు వద్దు. తెలుగువాళ్ళు కూడా ఉన్న కార్మికుల యూనియన్ అన్న పేరు కావాలి. తిరుప్పూరు, సూరత్ వెళ్ళే పిల్లలకు అక్కడి యూనియన్ల వివరాలు ఇక్కడే, బయలుదేరకముందే అందాలి.

ఐదు. అఖిలపక్షం అని ఎవరు వచ్చినా ముందు ఒక ప్రశ్న అడగాలి: ఈ అఖిలంలో కూలివాడు ఎక్కడున్నాడు, ఆదివాసీ ఎక్కడున్నాడు? వాళ్ళు లేకపోతే ఆ సభలో యూనియన్ పేరు ఉండకూడదు.

ఈ అయిదు మాటలు సభ ఆమోదిస్తే ప్రతి సభ్యుడి ఇంట్లో గోడకు అంటించేలా అచ్చు వేయిస్తాము. రేపు ఎవరైనా వచ్చి "మీరు ఎవులి మనుషులు" అని అడిగితే ఆ కాగితం చూపించండి. దీనికి ఒప్పుకున్నంత వరకూ మేము మీతో ఉంటాము, ఒప్పుకోని చోట ఎదురు నిలబడతాము అని చెప్పండి. అది తప్ప మనకు వేరే వర్గం అక్కరలేదు.

పండుగకు వచ్చినవాళ్ళు తిరిగి పనిలోకి వెళ్ళేలోపు ఒక పని చేయాలి. ఈ తగాదాల వల్ల మాట్లాడుకోవడం మానేసిన తోటి కార్మికుడి ఇంటికి ఒకసారి వెళ్ళి రండి. వెళ్ళేటప్పుడు సభ్యత్వ రసీదు పుస్తకం కూడా పట్టుకెళ్ళండి. 51 అక్కడి నుంచే మొదలవుతుంది.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!